వర్డ్‌లో కొట్టిన 45 డిగ్రీలు వాట్సాప్‌లో 450 ఎందుకవుతోంది? ₹, ±, µ, విసర్గ.. సింబల్స్ సరిగ్గా టైప్ చేయడం ఇలా

సుచిత్ర (మేడ్చల్): కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన కొటేషన్, కస్టమర్ ఫోన్‌లో తెరిచేసరికి గజిబిజి. రూపాయి గుర్తు ఉండాల్సిన చోట ఒక చిన్న గీత. డిగ్రీ గుర్తు ఉండాల్సిన చోట పెద్ద సున్నా. తెలుగులో కొట్టిన పేరా మొత్తం ఇంగ్లిష్ అక్షరాల చెత్త. సుచిత్ర సర్కిల్ నుంచి కొంపల్లి, జీడిమెట్ల వైపు వెళ్లే రోడ్ల మీద ఏ జిరాక్స్, డీటీపీ షాపులో అడిగినా ఈ సమస్య కొత్తేం కాదు.

చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఈ ఏరియాలో టైపింగ్‌కు వచ్చే కాగితాలు ఎలాంటివో చూస్తే సీన్ వేరేగా ఉంటుంది. జీడిమెట్ల పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్ల కొటేషన్లు, మెషినింగ్ కొలతలు. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో పనిచేసేవాళ్ల రిపోర్టులు. ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు. ప్లాట్ల అగ్రిమెంట్లు, పెళ్లి కార్డులు. వీటిలో ఒక్క గుర్తు మారినా కొలత మారుతుంది, మోతాదు మారుతుంది, రేటు మారుతుంది.

అసలు గుర్తులు ఎందుకు మారిపోతాయి? మారకుండా టైప్ చేయాలంటే ఏం చేయాలి? సింపుల్‌గా తెలుసుకుందాం.

కంప్యూటర్‌కు బొమ్మ తెలియదు, నంబర్ మాత్రమే తెలుసు

మనం స్క్రీన్ మీద చూసేది అక్షరం బొమ్మ. ఫైల్‌లో దాచి ఉండేది మాత్రం ఒక నంబర్. ఆ నంబర్‌కు ఏ బొమ్మ చూపించాలో ఫాంట్ చెబుతుంది. ప్రపంచంలోని అన్ని భాషల అక్షరాలకు, గుర్తులకు తలా ఒక నంబర్ ఇచ్చే పద్ధతే యూనికోడ్. దీని మొదటి వెర్షన్ 1991లో వచ్చింది. తెలుగుకు అప్పుడే అందులో చోటు దొరికింది. 128 గదులున్న ఒక బ్లాకును తెలుగుకు కేటాయించారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఒక గుర్తును కంప్యూటర్‌లో రెండు రకాలుగా తెప్పించవచ్చు. ఒకటి, ఆ గుర్తుకు ఉన్న సొంత నంబర్‌తో టైప్ చేయడం. రెండోది, వేరే అక్షరం టైప్ చేసి, దానికి ఫాంట్‌తోనో, ఫార్మాటింగ్‌తోనో వేషం వేయడం. మొదటి పద్ధతిలో ఫైల్ ఎక్కడికి వెళ్లినా గుర్తు గుర్తుగానే ఉంటుంది. రెండో పద్ధతిలో ఫాంట్ లేని చోట వేషం తీసేస్తుంది. లోపల ఉన్న అసలు అక్షరం బయటపడుతుంది.

పైన చెప్పిన తంటాల్లో చాలావరకు ఈ ఒక్క కారణంతోనే వస్తాయి. వరసగా చూద్దాం.

45 కాస్తా 450 ఎలా అయింది?

డిగ్రీ గుర్తు ఎక్కడుందో తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. 45 కొట్టి, పక్కన ఒక సున్నా కొట్టి, ఆ సున్నాను సెలెక్ట్ చేసి సూపర్‌స్క్రిప్ట్ చేస్తారు. సున్నా చిన్నదై పైకి వెళ్తుంది. అచ్చం డిగ్రీలాగే ఉంటుంది. ప్రింట్ తీస్తే ఏ ఇబ్బందీ లేదు.

అదే లైన్‌ను కాపీ చేసి వాట్సాప్‌లోనో, ఆన్‌లైన్ ఫారంలోనో పేస్ట్ చేస్తే? అక్కడ సూపర్‌స్క్రిప్ట్ అనే ఫార్మాటింగ్ పోతుంది. సున్నా కిందికి దిగొస్తుంది. 45 డిగ్రీలు కాస్తా 450 అవుతుంది.

సైన్స్ రిపోర్టుల్లో ఇది ఇంకా డేంజర్. పది టు ది పవర్ ఆరు, అంటే పది లక్షలు. దాన్ని 10 పక్కన 6ను సూపర్‌స్క్రిప్ట్ చేసి రాస్తే, ప్లెయిన్ టెక్స్ట్‌లో అది 106గా మారుతుంది. పది లక్షలు ఎక్కడ, నూటారు ఎక్కడ? చదివేవాళ్లకు తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. ఎందుకంటే 106 కూడా మామూలు అంకెలాగే కనిపిస్తుంది కదా.

పరిష్కారం ఏంటంటే.. డిగ్రీకి సొంత గుర్తు ఉంది: °. స్క్వేర్‌కు ², క్యూబ్‌కు ³ విడిగా ఉన్నాయి. పవర్ ఆరుకు ⁶ కూడా ఉంది. వాటినే వాడితే ఎక్కడ పేస్ట్ చేసినా మారవు.

మైక్రోగ్రామ్ మిల్లీగ్రామ్ అయితే వెయ్యి రెట్లు

వర్డ్‌లో సింబల్ అనే పేరుతోనే ఒక ఫాంట్ ఉంటుంది. అందులో ఇంగ్లిష్ ఎమ్ కొడితే గ్రీకు అక్షరం మ్యూ కనిపిస్తుంది. మైక్రో అని రాయడానికి వాడేది ఈ మ్యూనే. పాత అలవాటున్న టైపిస్టులు ఇప్పటికీ ఎమ్ కొట్టి, ఫాంట్ మార్చి పని కానిచ్చేస్తారు.

కానీ ఫైల్‌లో దాగి ఉన్నది ఎమ్ మాత్రమే. మొత్తం పేజీని సెలెక్ట్ చేసి ఒకే ఫాంట్ పెట్టినా, టెక్స్ట్‌ను ఇంకో చోట పేస్ట్ చేసినా మ్యూ మాయమై ఎమ్ వచ్చేస్తుంది. అంటే మైక్రోగ్రామ్ కాస్తా మిల్లీగ్రామ్ అవుతుంది. మైక్రోగ్రామ్ కంటే మిల్లీగ్రామ్ వెయ్యి రెట్లు ఎక్కువ. మందుల మోతాదులో వెయ్యి రెట్లు అంటే ప్రాణాల మీదికి వచ్చే తేడా.

చేతిరాతలో కూడా మ్యూ, ఎమ్ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మందుల భద్రతపై పనిచేసే అమెరికా సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్, పొరపాట్లకు దారితీసే సంకేతాల జాబితాలో మైక్రోగ్రామ్‌కు వాడే మ్యూ గుర్తును చేర్చింది. దాని బదులు ఎమ్, సి, జి అనే మూడు అక్షరాలు రాయమని చెబుతుంది. ఫార్మసీ స్టూడెంట్స్ రికార్డు రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది. గుర్తు తప్పనిసరి అయితే సొంత నంబర్ ఉన్న µ వాడాలి. మందుల విషయమైతే మైక్రోగ్రామ్ అని పూర్తిగా రాసేయడం ఇంకా సేఫ్.

టిక్ మార్కుది కూడా ఇదే కథ. వింగ్‌డింగ్స్ 2 ఫాంట్‌లో ఇంగ్లిష్ పెద్ద పి కొడితే టిక్ మార్క్ వస్తుంది. ఆ ఫాంట్ లేని చోట చెక్‌లిస్ట్ నిండా టిక్‌ల బదులు పి అక్షరాలే కనిపిస్తాయి. ఆఫీస్ మెయిల్స్‌లో వాక్యం చివర సంబంధం లేకుండా ఇంగ్లిష్ జె అక్షరం కనిపించడం చాలామందికి అనుభవమే. అది అవుట్‌లుక్‌లో వింగ్‌డింగ్స్ ఫాంట్‌తో వేసిన నవ్వు ముఖం. ఫాంట్ ఊడిపోయాక జె మిగులుతుంది.

రూపాయి గుర్తు బదులు గీత ఎందుకు?

₹ గుర్తును కేంద్ర కేబినెట్ 2010 జూలై 15న ఆమోదించింది. డిజైన్ చేసింది ఐఐటీ బాంబేలో చదివిన డి.ఉదయ కుమార్. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన యూనికోడ్ 6.0లో ఈ గుర్తుకు సొంత నంబర్ వచ్చింది.

అయితే ఆమోదం వచ్చిన వెంటనే జనం వాడాలనుకున్నారు. కంప్యూటర్లలో మాత్రం గుర్తు లేదు. ఆ గ్యాప్‌లో ఫొరాడియన్ అనే సంస్థ ఒక ఫాంట్‌ను ఉచితంగా ఇచ్చింది. కీబోర్డులో 1 అంకెకు ఎడమవైపున ఉండే చిన్న వాలు గీత కీ నొక్కితే రూపాయి గుర్తు కనిపించేది. అప్పటికి అది బాగా పనికొచ్చింది. కానీ లోపల ఉన్నది గీతే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే 500 ముందు ఆ వాలు గీతే కనిపిస్తుంది. అప్పుడు తయారుచేసిన బిల్లు ఫార్మాట్లను ఇప్పటికీ వాడేవాళ్లకు ఈ సమస్య వస్తుంది.

ఇప్పుడు ఆ ఫాంట్ అవసరమే లేదు. విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా కీబోర్డును ఎంచుకుని, స్పేస్ బార్‌కు కుడివైపున ఉన్న ఆల్ట్ కీ పట్టుకుని 4 నొక్కితే ₹ వచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ యూఎస్ కీబోర్డు ఉంటే మాత్రం ఇది పనిచేయదు. చాలామందికి రూపాయి గుర్తు రాకపోవడానికి కారణం అదే.

చిన్న బిల్లు ప్రింటర్లు, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని ₹ బదులు డబ్బా గుర్తు ప్రింట్ చేస్తాయి. అలాంటి చోట రూ. అని రాసుకోవడమే మేలు.

తెలుగు టెక్స్ట్ ఇంగ్లిష్ చెత్తగా మారేది ఇందుకే

తెలుగు డీటీపీలో ఏళ్ల తరబడి రాజ్యమేలినవి అను ఫాంట్లు. పెళ్లి కార్డు, కరపత్రం, ఫ్లెక్సీ, పుస్తకం.. ఏదైనా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్‌తో కొట్టాల్సిందే. ఈ ఫాంట్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులను ముక్కలు ముక్కలుగా చేసి, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే గదుల్లో పెట్టారు. అంటే ఫైల్ లోపల తెలుగు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలే తెలుగు వేషం వేసుకుని కనిపిస్తాయి. ఎమ్ అక్షరం మ్యూ వేషం వేసినట్టే ఇది కూడా.

ఆ ఫైల్‌ను ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేషం ఊడిపోతుంది. అలాంటి ఫైల్‌ను పీడీఎఫ్ చేస్తే కంటికి తెలుగు బాగానే కనిపిస్తుంది. కానీ అందులో తెలుగులో వెతికితే ఒక్క పదం కూడా దొరకదు. కాపీ చేసి పేస్ట్ చేస్తే చెత్త వస్తుంది.

యూనికోడ్‌లో పద్ధతి వేరు. గా అని టైప్ చేస్తే గ ఒక నంబర్, దీర్ఘం ఒక నంబర్. స్త్రీ అనే ఒక్క అక్షరంలో ఆరు నంబర్లుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని కలిపి ఒక్క అక్షరంగా చూపించే పని ఫాంట్‌ది, సాఫ్ట్‌వేర్‌ది. గౌతమి, వాణి, నిర్మలా యూఐ, మండలి, రామభద్ర, సూరన్న.. ఇలా ఏ యూనికోడ్ ఫాంట్ పెట్టినా లోపలి నంబర్లు అవే. కాబట్టి ఫాంట్ మార్చినా టెక్స్ట్ పాడవదు.

మరి డీటీపీ షాపులు ఇంకా పాత ఫాంట్లే ఎందుకు వాడుతున్నాయి? కారణం ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7. అది యూనికోడ్‌ను సపోర్ట్ చేయదు. అందులో ఏళ్లుగా దాచుకున్న వందల డిజైన్లు పాత ఫాంట్లలోనే ఉన్నాయి. పైగా చేతివేళ్లకు ఆ కీబోర్డు అలవాటైపోయింది. పాత టెక్స్ట్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. అయితే మార్చాక ఒత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు ఒకసారి సరిచూసుకోవాల్సిందే. ఇన్‌డిజైన్‌కు మారినవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఆప్షన్‌ను ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

‘దు:ఖం’లో అసలు తప్పు ఏంటి?

తెలుగు టైపింగ్‌లో బాగా కనిపించే పొరపాటు ఇది. దుఃఖం, పునఃప్రారంభం, అంతఃపురం లాంటి మాటల్లో రావాల్సింది విసర్గ. చాలామంది దాని బదులు కోలన్ కొట్టేస్తారు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం విసర్గ ఒక అక్షరం, కోలన్ ఒక విరామ చిహ్నం. కోలన్ దగ్గర మాట రెండు ముక్కలవుతుంది. పునఃప్రారంభం అని వెతికితే కోలన్‌తో కొట్టిన పునఃప్రారంభం దొరకదు.

విసర్గ ఎక్కడుంది? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని హైఫన్ కీ నొక్కితే వస్తుంది.

సున్నాతో కూడా ఇదే గొడవ. తెలుగులో అక్షరం పక్కన పెట్టే సున్నా (ం) వేరు, తెలుగు అంకె సున్నా (౦) వేరు. ఇంగ్లిష్ ఓ అక్షరం ఇంకొకటి. మూడూ గుండ్రంగానే ఉంటాయి. వెంకటేశం అనే పేరులో ఒకచోట అక్షరం సున్నా, ఇంకోచోట అంకె సున్నా పడితే కంప్యూటర్ లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు. ఓటరు జాబితా అయినా, స్కూల్ రికార్డు అయినా, తెలుగు పేరుతో వెతికేటప్పుడు దొరకకపోతే ముందు చూడాల్సింది ఇదే.

పాత పద్యాలు, పుస్తకాలు టైప్ చేసేవాళ్లకు వాఁడు అన్నప్పుడు వచ్చే అరసున్న, గుఱ్ఱంలో వచ్చే బండి ఱ కావాలి. ఇవి యూనికోడ్‌లో ముందు నుంచీ ఉన్నాయి. నిఘంటువుల్లో కనిపించే ౘ, ౙ అక్షరాలు, సంస్కృత శ్లోకాల్లో వచ్చే అవగ్రహం (ఽ), పాత లెక్కల్లో వాడిన తెలుగు భిన్నాల గుర్తులు 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో చేరాయి. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021లో, 14.0 వెర్షన్‌లో చోటు దక్కింది. కొత్తగా చేరిన గుర్తులు కావడంతో పాత ఫాంట్లలో ఇవి డబ్బాలుగా కనిపించవచ్చు. అప్పుడు టైపింగ్ తప్పు కాదు, ఫాంట్‌ను అప్‌డేట్ చేసుకుంటే సరిపోతుంది.

కనిపించని గుర్తు.. ఐఫోన్లనే ఆపేసింది

సాఫ్ట్‌వేర్ అని కొడితే కొన్నిసార్లు సాఫ్ట్వేర్ అని వస్తుంది. వ వెళ్లి కింద ఒత్తుగా చేరిపోతుంది. హైదరాబాద్‌లో అని కొడితే హైదరాబాద్లో అని పడుతుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండింటినీ కలిపేయడం తెలుగు లిపి పద్ధతి. ఇంగ్లిష్ మాటలు, ఊళ్ల పేర్లు వచ్చినప్పుడు అలా కలపొద్దని కంప్యూటర్‌కు చెప్పాలి. అందుకోసం ఒక గుర్తు ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా కాబట్టి కంటికి కనిపించదు.

వర్డ్‌లో పొల్లు తర్వాత 200 కొట్టి, పక్కనే ఇంగ్లిష్ సి అక్షరం కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఈ గుర్తు చేరుతుంది. ఆ తర్వాత హల్లు టైప్ చేస్తే విడిగా నిలబడుతుంది. లిబ్రే ఆఫీస్‌లో కూడా ఇదే షార్ట్‌కట్ పనిచేస్తుంది.

ఈ కనిపించని గుర్తు ఒకసారి ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకెక్కింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. జ్ఞ అక్షరానికి, దీర్ఘానికి మధ్య ఈ గుర్తు వచ్చినప్పుడు ఆ ముక్కల్ని ఎలా పేర్చి చూపించాలో ఆపిల్ సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేకపోయింది. మెసేజ్ తెరిచిన యాప్ మూతపడేది, మళ్లీ తెరిచినా అంతే. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి ఆపిల్ దీన్ని సరిచేసింది. తప్పు తెలుగుది కాదు. తెలుగు అక్షరాలను పేర్చే ప్రోగ్రామ్‌ది.

మరి సరిగ్గా టైప్ చేయడం ఎలా? 6 పద్ధతులు

1. ఇన్‌సర్ట్ మెనూ: వర్డ్‌లో ఇన్‌సర్ట్, సింబల్, మోర్ సింబల్స్‌కు వెళ్లాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. పైన ఫాంట్ అని ఉన్న చోట నార్మల్ టెక్స్ట్ అనే ఎంచుకోవాలి. సింబల్, వింగ్‌డింగ్స్ ఎంచుకుంటే పైన చెప్పిన వేషం గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

2. విండోస్ కీ, ఫుల్‌స్టాప్: విండోస్ 10, 11లో ఈ రెండూ కలిపి నొక్కితే ఎమోజీల ప్యానెల్ వస్తుంది. అందులో సింబల్స్ ట్యాబ్ కూడా ఉంటుంది. ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది. కొత్తవాళ్లకు ఇదే ఈజీ.

3. ఆల్ట్ కోడ్: ఆల్ట్ కీ పట్టుకుని, కీబోర్డు కుడివైపున ఉన్న నంబర్ ప్యాడ్ మీద కోడ్ కొట్టాలి. నమ్ లాక్ ఆన్‌లో ఉండాలి. అక్షరాల పైన ఉన్న అంకెల వరుసతో ఇది పనిచేయదు. నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లలో వేరే పద్ధతి చూసుకోవాలి.

4. ఆల్ట్, ఎక్స్: వర్డ్‌లో గుర్తు కోడ్ కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ కోడ్ గుర్తుగా మారిపోతుంది. ఒక చిక్కు ఉంది. కోడ్‌కు ముందు అంకె ఆనుకుని ఉంటే వర్డ్ రెండింటినీ కలిపి చదువుతుంది. కాబట్టి కోడ్ వరకే సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎక్స్ నొక్కాలి. ఏదైనా గుర్తు పక్కన కర్సర్ పెట్టి ఇదే షార్ట్‌కట్ నొక్కితే దాని కోడ్ ఏంటో చూపిస్తుంది. ఎక్కడి నుంచో కాపీ చేసిన గుర్తు అసలుదో కాదో తెలుసుకోవడానికి ఇది మంచి చిట్కా.

5. ఆటో కరెక్ట్: రోజూ ఒకే గుర్తు వాడేవాళ్లకు బెస్ట్. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటో కరెక్ట్ ఆప్షన్స్‌కు వెళ్లి, మామూలు మాటల్లో రాని ఒక పొట్టి సంకేతాన్ని గుర్తుకు జత చేసుకోవాలి. ఆ తర్వాత సంకేతం కొట్టి స్పేస్ నొక్కగానే గుర్తు వచ్చేస్తుంది. అయితే ఇదే ఆటో కరెక్ట్ కొన్నిసార్లు కొంప ముంచుతుంది. రెంటల్ అగ్రిమెంట్‌లో క్లాజులకు బ్రాకెట్‌లో ఎ, బి, సి అని పెట్టుకుంటూ వెళ్తే, సి దగ్గరికి రాగానే కాపీరైట్ గుర్తు © పడుతుంది. అప్పుడు వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కితే మళ్లీ బ్రాకెట్‌లో సి వస్తుంది.

6. గూగుల్ డాక్స్, ఫోన్: గూగుల్ డాక్స్‌లో ఇన్‌సర్ట్ మెనూలోని స్పెషల్ క్యారెక్టర్స్‌లో గుర్తు పేరు తెలియకపోయినా పర్వాలేదు, మౌస్‌తో బొమ్మ గీస్తే దానికి దగ్గరగా ఉన్నవి చూపిస్తుంది. ఐఫోన్‌లో సున్నా కీని నొక్కిపట్టుకుంటే డిగ్రీ గుర్తు వస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు అంకెల పేజీలో 1ని నొక్కిపట్టుకుంటే ½, ¼ లాంటివి కనిపిస్తాయి.

గోడకు అంటించుకునే లిస్ట్

నంబర్ ప్యాడ్‌తో ఆల్ట్ కోడ్‌లు:

డిగ్రీ ° : 0176
ప్లస్ ఆర్ మైనస్ ± : 0177
స్క్వేర్ ² : 0178
క్యూబ్ ³ : 0179
మైక్రో µ : 0181
పావు ¼ : 0188
అర ½ : 0189
ముప్పావు ¾ : 0190
ఇంటూ × : 0215
భాగహారం ÷ : 0247
సెక్షన్ § : 0167
రూపాయి ₹ (వర్డ్‌లో) : 8377

వర్డ్‌లో ఆల్ట్, ఎక్స్‌తో:

పవర్ ఆరు ⁶ : 2076
వ్యాసం ⌀ : 2300
తక్కువ లేదా సమానం ≤ : 2264
ఎక్కువ లేదా సమానం ≥ : 2265
టిక్ ✓ : 2713

మెషినింగ్ పని ఇచ్చేవాళ్లకు మరో మాట. ఆటోక్యాడ్‌లో వ్యాసం, డిగ్రీ, ప్లస్ ఆర్ మైనస్ గుర్తుల కోసం రెండు పర్సెంట్ గుర్తులు (%%) కొట్టి, పక్కన సి, డి, పి అని ఇంగ్లిష్ అక్షరాలు పెడతారు. ఆ టెక్స్ట్‌ను వర్డ్‌లోకి తెచ్చుకున్నప్పుడు కొన్నిసార్లు గుర్తు బదులు ఆ పర్సెంట్లే కనిపిస్తాయి. కొటేషన్ పంపేముందు ఫైల్‌లో %% కోసం ఒకసారి వెతికితే మిగిలిపోయినవన్నీ దొరికిపోతాయి. టాలరెన్స్ దగ్గర ± పోయిందంటే ఆ పార్ట్ ఏ కొలతకు చేయాలో వర్క్‌షాప్‌లో ఎవరికీ అర్థం కాదు.

ఎక్సెల్‌లో భూముల లెక్కలు జాగ్రత్త

రెండెకరాల ఇరవై గుంటలను మన దగ్గర 2-20 అని రాయడం అలవాటు. అదే ఎక్సెల్‌లో కొడితే ఫిబ్రవరి 20 అని తేదీగా మారిపోతుంది. 3-12-5 లాంటి ఇంటి నంబర్లు కూడా తేదీలైపోతాయి. సగం ఎకరానికి 1/2 కొట్టినా అదే పరిస్థితి. ఒకసారి తేదీగా మారాక, పేరు మార్చినంత ఈజీగా వెనక్కి రాదు. లోపల ఎక్సెల్ దాన్ని తేదీ నంబర్‌గా దాచేస్తుంది.

గుంట అంటే 121 గజాలు, ఎకరా అంటే 40 గుంటలు. సుచిత్ర, కొంపల్లి వైపు గజం రేటు తెలిసినవాళ్లకు ఒక గుంట తేడా అంటే ఎంతో చెప్పక్కర్లేదు. కాబట్టి టైప్ చేసే ముందే ఆ కాలమ్‌ను సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఒకట్రెండు గడులే అయితే ముందు ఒక సింగిల్ కోట్ గుర్తు (') కొట్టి ఆ తర్వాత అంకెలు కొడితే చాలు.

పంపేముందు నోట్‌ప్యాడ్ టెస్ట్

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం అనుకునేవాళ్లకు ఒక సులువైన పరీక్ష ఉంది. టైప్ చేసిన దాన్ని మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. నోట్‌ప్యాడ్ ఫాంట్ వేషాలను, సూపర్‌స్క్రిప్ట్‌లను పక్కన పడేసి, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. 45 డిగ్రీలు 450 అయిందా, మ్యూ ఎమ్ అయిందా, రూపాయి గీత అయిందా, తెలుగు చెత్త అయిందా.. అర నిమిషంలో తెలిసిపోతుంది. అక్కడ సరిగ్గా ఉంటే వాట్సాప్‌లో, మెయిల్‌లో, ఆన్‌లైన్ ఫారంలో కూడా అదే గుర్తు వెళ్తుంది.

ప్రింట్ కోసమే పంపుతుంటే పీడీఎఫ్ చేసి పంపడం మంచిది. అవతలివాళ్లు ఎడిట్ చేయాల్సిన వర్డ్ ఫైల్ అయితే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ అనే ఆప్షన్‌కు టిక్ పెడితే ఫాంట్ కూడా ఫైల్‌తో పాటే వెళ్తుంది. అయితే ఎంబెడ్ చేసినా వేషం వేషమే. ఆ ఫైల్ వరకు బాగా కనిపిస్తుంది, అందులోంచి ఎవరైనా కాపీ చేసుకుంటే పాత సమస్య మళ్లీ బయటపడుతుంది.

ఇక డీటీపీ షాపులో పని చేయించుకునేవాళ్లు కూడా ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి: టైప్ చేసింది యూనికోడ్‌లోనా, కాదా? పెళ్లి కార్డుకైతే ఏదైనా ఒకటే. కొలతలు, మోతాదులు, రేట్లు, పేర్లు ఉన్న కాగితమైతే యూనికోడ్‌లోనే కొట్టించుకోవాలి. సంతకం పెట్టే ముందు ప్రింట్‌లో అంకెల పక్కనున్న గుర్తులను విడిగా ఒకసారి చదువుకోవాలి. ఎందుకంటే మాటలో అక్షరం తప్పు పడితే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. గుర్తు పోయి అంకె మిగిలితే మాత్రం అది తప్పని ఎవరికీ అనిపించదు.